బొమ్మలో ఎండ... ఇంట్లో నీడ!

ఇల్లు ఇంకా పునాదుల్లోనే ఉంటుంది. హాలు మాత్రం కంప్యూటర్ తెర మీద తళతళలాడిపోతుంటుంది. ఆ వెలుగు ఎక్కడిది? అది నిజంగా మనింటికి వచ్చేదేనా? కట్టకముందే ఇల్లు చూపించే త్రీడీ బొమ్మల వెనక ఉన్న వెలుగునీడల కథ ఇది.

నున్నటి తెల్లటి ఫ్లోరింగ్. దాని మీద ఏటవాలుగా పరుచుకున్న లేత బంగారు ఎండ. ఆ ఎండ పడి మెరుస్తున్న సోఫా. ఓ మూల కుండీలో మొక్క. గోడకి కాఫీ గింజల రంగు...

''అబ్బ! సినిమాలో ఇల్లులా ఉందండీ!'' అంటుంది ఇల్లాలు. పక్కనే కూర్చున్న ఆయన మనసులో అప్పుడే గృహప్రవేశం అయిపోతుంది.

కాకినాడ భానుగుడి జంక్షన్ దగ్గరో, మెయిన్ రోడ్డు మీదో ఓ ఇంటీరియర్ ఆఫీసులో ఇలాంటి కుటుంబం ఒకటి కూర్చుందనుకుందాం. సర్పవరం వైపు చిన్న స్థలం. పునాదులు పూర్తయ్యాయి. కొంత పీఎఫ్ సొమ్ము, మిగతాది బ్యాంకు అప్పు. జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇల్లు. మౌస్ పట్టుకున్న కుర్రాడు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు. వెనక కుర్చీలో ఉన్న మామ్మగారు కళ్లజోడు సవరించుకున్నారు.

''అబ్బాయ్, ఆ కిటికీ ఏ వైపు గోడకుంది నాయనా?''

''ఉత్తరం వైపండి.''

''మరి ఈ ఎండ ఎన్నింటిది?''

''పొద్దున్న పదింటిదనుకోండి మామ్మగారూ.''

''ఉత్తరం కిటికీలోంచి పదింటి ఎండ సోఫా మీదకి ఎలా వచ్చింది బాబూ? సూర్యుడు గానీ దారి తప్పాడా?''

కుర్రాడు నవ్వేశాడు. ''ఆయ్... అది అందం కోసం పెట్టామండి.''

అందం కోసం! ఆ రెండు మాటల్లోనే ఉంది అసలు సంగతి. బొమ్మ చూసి కిటికీ సైజు ఖాయం చేస్తాం. బొమ్మ చూసి గోడ రంగు ఎంచుకుంటాం. బొమ్మ చూసి అడ్వాన్సు ఇచ్చేస్తాం. తీరా ఇంట్లో దిగాక, పట్టపగలు లైటు వేసుకోవాల్సొస్తే? అప్పుడు గోడ పగలగొట్టి కిటికీ పెద్దది చేయడం అంత తేలికేం కాదు.

సూర్యుణ్ని పెట్టేదెవరు?

త్రీడీ బొమ్మ తయారవడంలో రెండు అంచెలుంటాయి. మొదట స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్లలో గోడలు, కిటికీలు, సోఫాలు, బల్లలు అన్నీ కొలతల ప్రకారం నిలబెడతారు. ఇది అట్టముక్కలతో బొమ్మరిల్లు కట్టడం లాంటిదే. ఇక రెండోది రెండరింగ్. అంటే ఆ గదిలోకి వెలుగు వస్తే ఎలా కనిపిస్తుందో లెక్కకట్టి ఫొటోలాంటి బొమ్మ తీయడం. వీరే, లూమియన్, ఎన్‌స్కేప్ లాంటి ప్రోగ్రాములు చేసే పని ఇదే.

ఈ పనిలో ఉన్నవాళ్లకి భవనం బయటి బొమ్మ తేలిక. ఆరుబయట ఎండ ధారాళంగా ఉంటుంది. లోపలి గదే అసలు పరీక్ష. నాలుగు గోడలూ పైన శ్లాబూ పెట్టేసరికి గది చిమ్మచీకటి. వెలుగు రావడానికి ఉన్న దారల్లా కిటికీనే. ఆ కిటికీలోంచి వచ్చిన కొద్దిపాటి వెలుగూ గచ్చు మీద పడి, అక్కణ్నుంచి గోడ మీదకి, గోడ నుంచి సీలింగ్ మీదకి ఎగిరెగిరి గదంతా పరుచుకోవాలి. దాన్నంతా కంప్యూటర్ లెక్కపెట్టాలి.

సూర్యుణ్ని ఎక్కడ పెట్టాలో చెప్పేది మాత్రం మనిషే. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఊరు పేరో అక్షాంశ రేఖాంశాలో ఇచ్చి, ఉత్తరం ఎటో చూపించి, తేదీ, టైము చెప్పడం. అప్పుడు సూర్యుడు ఎక్కడుండాలో సాఫ్ట్‌వేరే లెక్కగట్టి అక్కడ పెడుతుంది. రెండోది, మౌస్‌తో పట్టుకుని, బొమ్మ ఎటునుంచి బాగుంటే అటు జరిపేయడం. మామ్మగారు పట్టుకున్నది ఈ రెండో రకాన్నే!

కాకినాడ ఎండ లెక్క వేరు

కాకినాడ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. రేఖాంశం 82 డిగ్రీలు దాటి కాస్త. మన దేశం మొత్తానికి గడియారం టైము నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి దగ్గర్లోంచే వెళ్తుంది. అందుకే ఇక్కడ గడియారం మధ్యాహ్నం పన్నెండు చూపించేసరికి సూర్యుడూ కొద్ది నిమిషాలు అటూ ఇటూగా తన దారిలో అన్నిటికంటే ఎత్తున ఉంటాడు. గుజరాత్‌లోనో, అస్సాంలోనో ఉన్నవాళ్లకి ఈ సౌలభ్యం లేదు. కాకినాడలో ఇంటి బొమ్మ చేసేవాళ్లకి సూర్యుడి టైము, గోడ గడియారం టైము ఇంచుమించు ఒక్కటే.

ఇంకో విశేషం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా, అంటే దాదాపు మూడు నెలలపాటు మధ్యాహ్నపు సూర్యుడు కాకినాడకి ఉత్తరం వైపు ఉంటాడు. మిగతా తొమ్మిది నెలలూ దక్షిణం వైపే. డిసెంబరు మూడో వారంలో అయితే మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకి మించడు. అప్పుడు దక్షిణం గోడకి ఏడడుగుల ఎత్తు దాకా కిటికీ ఉంటే, ఎండ దాదాపు ఆరడుగులు లోపలికి వస్తుంది. సన్‌షేడ్ ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. అదే కిటికీలోంచి జూన్ మధ్యాహ్నం ఒక్క కిరణం కూడా నేరుగా రాదు.

మరి ఉత్తరం కిటికీ? వేసవిలో పొద్దున్నే కాస్త ఏటవాలుగా ఎండ తొంగిచూస్తుంది. పది దాటాక అదీ కిటికీ అంచు దగ్గరే ఆగిపోతుంది. చలికాలమంతా నేరుగా పడే ఎండే ఉండదు. పదింటికి సోఫా దాకా బంగారు ఎండ రావడం కాకినాడలో ఏ నెలలోనూ జరిగే పని కాదు. మామ్మగారికి ఈ డిగ్రీలేవీ తెలియక్కర్లేదు. అప్పడాలు, వడియాలు ఎండబెట్టిన చేతికి ఎండ ఏ నెలలో ఎటు జరుగుతుందో తెలుసు. కంప్యూటర్ కూడా చెప్పేది అదే... అడిగితే!

అరసవల్లి నుంచి అమరావతి దాకా

సూర్యుడి దారిని ముందే లెక్కగట్టి ఇంటి లోపలి వెలుగు నిర్ణయించడం తెలుగువాళ్లకి కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో ఏటా రెండుసార్లు, మార్చి 10 ప్రాంతంలోనూ అక్టోబరు మొదట్లోనూ, ఉదయపు కిరణాలు గర్భగుడిలోని స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు లేకపోతే ఆ దృశ్యం చూడ్డానికి భక్తులు బారులు తీరతారు. ఆ రెండు తేదీలే ఎందుకు? పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 20కి పది రోజుల ముందూ, సెప్టెంబరు 23కి పది రోజుల తర్వాతా సూర్యుడు తూర్పున ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. వాకిలి నుంచి గర్భగుడి దాకా ఉన్న దారి ఆ చోటుకి సూటిగా ఉంటే చాలు. ఏడాదికి రెండుసార్లు దీపం పెట్టినట్టే!

అమరావతిలో అసెంబ్లీ భవనానికి నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైన్లు గీస్తున్నప్పుడు దర్శకుడు రాజమౌళి ఇచ్చిన ఆలోచన కూడా ఇలాంటిదే. ఉదయపు ఎండను అద్దాలతో లోపలికి మళ్లించి, మధ్య హాల్లోని తెలుగుతల్లి విగ్రహం మీద పడేలా చేయాలన్నది ఆ ఊహ. 2017 డిసెంబరులో దాన్ని ఓ వీడియోగా చూపించారు. కట్టని భవనంలో, పెట్టని విగ్రహం మీద, రాని ఎండ పడటం జనమంతా తెర మీద చూశారు. త్రీడీ బొమ్మకున్న బలం అది. కానీ అలాంటి ఊహ నిజమవ్వాలంటే తేదీ, టైము, దిక్కు, అద్దం కోణం అన్నీ కచ్చితంగా కుదరాలి. అందం కోసం సూర్యుణ్ని పక్కకి జరిపితే కుదరదు.

గోడలు కూడా దీపాలే

గోదావరి జిల్లాల పాత మండువా లోగిళ్లు చూసినవాళ్లకి ఓ సంగతి గుర్తుండే ఉంటుంది. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. ఎండ పడేది మధ్యలో ఉన్న ఆ కాస్త జాగాలోనే. అయినా చుట్టూ ఉన్న వసారాలన్నీ పగలంతా వెలుగ్గానే ఉంటాయి. ఎందుకంటే మండువాలో పడ్డ ఎండ గచ్చు మీంచి ఎగిరి సున్నం గోడల మీదకీ, గోడల మీంచి గదుల్లోకీ వెళ్తుంది. పెంకుటిళ్లలో వంటగది పైన ఒక్క అద్దం పెంకు పెట్టేవారు. ఆ అరచేతి వెడల్పు ఎండే వంటిల్లంతటికీ సరిపోయేది.

కంప్యూటర్లకి ఈ సంగతి అర్థమవడానికి చాలా కాలం పట్టింది. మొదట్లో అవి దీపం నుంచి నేరుగా పడే వెలుగునే లెక్కపెట్టేవి. సోఫా కింద, బీరువా పక్కన కటిక చీకటి కనిపించేది. 1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గ్రీన్‌బర్గ్ బృందం గోడ నుంచి గోడకి పాకే వెలుగును లెక్కగట్టే పద్ధతి కనిపెట్టింది. అందుకోసం వాళ్లు రంగు గోడలున్న ఓ పెట్టెను నిజంగానే తయారుచేశారు. దానిలో వెలుగు ఎలా పడుతోందో చూసి, కంప్యూటర్ గీసిన బొమ్మతో పక్కపక్కన పెట్టి పోల్చారు. ఎర్ర గోడ పక్కనున్న తెల్లటి వస్తువు మీద లేత ఎరుపు ఛాయ పడటం రెండింట్లోనూ కనిపించింది. రెడ్ ఆక్సైడ్ గచ్చు వేసిన ఇళ్లలో గోడ అడుగుభాగం కాస్త గులాబీ రంగుగా కనిపించడం మనమూ చూసిందే. ఇప్పటికీ కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే దాన్ని పరీక్షించడానికి 'కార్నెల్ పెట్టె'నే వాడుతుంటారు.

1986లో జేమ్స్ కజియా అనే శాస్త్రవేత్త ఈ లెక్కంతటినీ ఒకే సూత్రంలో పెట్టాడు. దాని సారాంశం ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేదే... ఏ చోటైనా మన కంటికి పంపే వెలుగు అంటే, అది స్వయంగా ఇచ్చే వెలుగు, నలువైపుల నుంచీ తన మీద పడ్డదాంట్లో తిప్పి పంపే వెలుగు కలిపి. అంతే! బల్గేరియా రాజధాని సోఫియాలో 1997లో మొదలైన కేయాస్ సంస్థ వీరే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. బ్లెండర్‌లో 2011 నుంచి సైకిల్స్ అనే రెండరర్ ఉచితంగా దొరుకుతోంది. భానుగుడి దగ్గరి కుర్రాడు నొక్కే మీట వెనక ఉన్నది ఆ సూత్రమే.

ఈ లెక్కలో గోడ రంగుకి ఎంత విలువో చూడండి. తెల్ల సున్నం గోడ తన మీద పడ్డ వెలుగులో దాదాపు 80 వంతులు తిప్పి పంపుతుందనుకుందాం. 100 పాళ్ల వెలుగు పడితే మొదటి గోడ తర్వాత 80, రెండో గోడ తర్వాత 64, మూడో గోడ తర్వాత 51 పాళ్లు మిగులుతుంది. అదే ముదురు కాఫీ రంగు గోడ 20 వంతులే పంపితే... 20, 4, ఆ తర్వాత ఒక పాలు కూడా ఉండదు. బొమ్మలో అంత హుందాగా కనిపించిన కాఫీ రంగు గోడ, నిజం ఇంట్లో కిటికీ వెలుగును మింగేస్తుందన్నమాట.

రెప్పపాటు మాయ

మరి బొమ్మలో కాఫీ రంగు గోడలున్నా గది ఎందుకంత వెలుగ్గా ఉంది? దానికి కొన్ని చిట్కాలున్నాయి.

మొదటిది కెమెరా. సాఫ్ట్‌వేర్‌లో ఉండే కెమెరాకీ నిజం కెమెరాలాగే రెప్పపాటు సమయం ఉంటుంది. దాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఎంత చీకటి గదైనా తెల్లగా వస్తుంది. పెళ్లి ఫొటోల్లో కల్యాణమండపం ఉన్నదానికంటే దేదీప్యమానంగా కనిపించేది ఇలాగే. ఆరుబయట నడిఎండలో చదరపు మీటరుకి పడే వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి 100 లక్స్ చాలు. చదువుకోవడానికి 300 కావాలి. మన కన్ను దేనికైనా సర్దుకుపోతుంది. బొమ్మ కూడా సర్దేస్తుంది. కాబట్టి బొమ్మ చూసి 'వెలుగ్గా ఉంది' అనుకుంటే అది గది వెలుగో, కెమెరా గొప్పో తెలియదు.

రెండోది కనిపించని దీపాలు. సీలింగ్ కిందో, కెమెరా వెనకో ఓ పెద్ద వెలుగు పలకను పెడతారు. బొమ్మలో అది కనిపించదు, దాని వెలుగు మాత్రం కనిపిస్తుంది. మూడోది, పక్కింటిని మాయం చేయడం. తూర్పున మూడడుగుల సందు, ఆ తర్వాత రెండంతస్తుల పక్కిల్లు ఉన్నా, బొమ్మలో తూర్పు కిటికీలోంచి నీలాకాశమే కనిపిస్తుంది. నాలుగోది, వెడల్పాటి లెన్సు. దాంతో పన్నెండడుగుల గది పద్దెనిమిది అడుగులున్నట్టు కనిపిస్తుంది.

'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీ సృష్టించిన వెన్నెలను తెలుగువాళ్లు 1957 నుంచి మెచ్చుకుంటూనే ఉన్నారు. అది నిజం వెన్నెల కాదని తెలిసినా ఆనందమే. ఎందుకంటే సినిమా అయ్యాక మన ఇంటికి మనం వచ్చేస్తాం. ఈ బొమ్మలోకి మాత్రం మనమే వెళ్లి కాపురముండాలి. తేడా అదే.

అలాగని డిజైన్ చేసే కుర్రాళ్లందరూ మోసగాళ్లని కాదు. అందమైన బొమ్మ ఇవ్వకపోతే పార్టీ పక్క ఆఫీసుకి వెళ్లిపోతుందని వాళ్ల భయం. పైగా సరైన వెలుగుతో చేస్తే టైము ఎక్కువ పడుతుంది. కిటికీలోంచి వచ్చే వెలుగు కిరణాల్ని కంప్యూటర్ లాటరీ తీసినట్టు ఏరి లెక్కపెడుతుంది. కిరణాలు చాలకపోతే బొమ్మ మీద ఇసక చల్లినట్టు చుక్కలొస్తాయి. ఆ చుక్కలు సగానికి తగ్గాలంటే లెక్క నాలుగింతలు చేయాలి. అందుకే ఒకప్పుడు ఒక్క బొమ్మ కోసం రాత్రంతా కంప్యూటర్ నడిచేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే! ఇప్పుడు మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే నిమిషాల్లో అయిపోతోంది. చుక్కల్ని తుడిచేసే ప్రోగ్రాములూ వచ్చాయి. నిజం వెలుగు చూపించడానికి 'టైము లేదు' అనే సాకు ఇప్పుడు అంతగా పనికిరాదు.

రాత్రి బొమ్మ సంగతి?

పగటి బొమ్మతో పాటు రాత్రి బొమ్మ కూడా చూపిస్తుంటారు. ఫాల్స్ సీలింగ్ అంచున తేనె రంగు వెలుగు, గోడ మీద స్పాట్‌లైట్ల వరసలు. ఇక్కడా చిన్న లెక్కుంది. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్ల వెలుగిస్తుంది. పన్నెండుకి పద్నాలుగు అడుగుల హాలంటే దాదాపు 15.6 చదరపు మీటర్లు. నాలుగు బల్బులు పెడితే 3600 ల్యూమెన్లు. అందులో సగం మనం కూర్చునే ఎత్తుకి చేరిందనుకున్నా వచ్చేది 115 లక్స్. కబుర్లకి సరిపోతుంది. పిల్లల హోంవర్కుకి చాలదు. ఆ మూల విడిగా దీపం ఉండాల్సిందే.

బల్బు డబ్బా మీద రాసే 2700 కె, 4000 కె, 6500 కె అంకెలు వెలుగు రంగును చెబుతాయి. మొదటిది దీపపు పసుపు, చివరిది తెల్లటి ట్యూబులైటు రంగు. చాలా లైట్ల కంపెనీలు తమ దీపం వెలుగు ఎటు ఎంత పడుతుందో చెప్పే ఐఈఎస్ ఫైళ్లు ఇస్తాయి. బొమ్మలో ఆ ఫైలు పెడితే గోడ మీద పడే వెలుగు ఆకారం కూడా కొనబోయే లైటుకి దగ్గరగానే ఉంటుంది. జర్మనీకి చెందిన డయాలక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే గదిలో ఏ మూల ఎన్ని లక్స్ పడుతుందో అంకెల్లోనే చెప్పేస్తుంది.

చట్టం ఏమంటోంది?

సొంతంగా కట్టుకునే ఇంటికైతే మన జాగ్రత్తే మనకి రక్ష. బిల్డరు దగ్గర ఫ్లాటు కొనేవాళ్లకి మాత్రం 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టం, అదే రెరా, అండగా ఉంది. ప్రకటనలోనో, కరపత్రంలోనో, నమూనా ఫ్లాటులోనో చూపించిన తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతోంది. వద్దనుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో వెనక్కి అడగొచ్చు. కాబట్టి కరపత్రంలోని బొమ్మల్ని చించి పారేయకుండా దాచుకోవాలి. 'ఇది ఊహాచిత్రం మాత్రమే' అని చిన్న అక్షరాల్లో రాసుందేమో కూడా సంతకానికి ముందే చూసుకోవాలి.

కిటికీ ఎంతుండాలో జాతీయ భవన నిర్మాణ స్మృతి ఎప్పుడో చెప్పింది. కాకినాడలాంటి వేడి, ఉక్కపోత ఉన్న చోట తలుపులు కాకుండా కిటికీలు, వెంటిలేటర్ల విస్తీర్ణం కలిపి గచ్చు విస్తీర్ణంలో కనీసం ఆరోవంతు ఉండాలి. పన్నెండుకి పద్నాలుగు హాలు అంటే 168 చదరపుటడుగులు. అందులో ఆరోవంతు 28. మన కథలో కుటుంబం హాలుకి పెట్టుకున్న కిటికీ అయిదుకి నాలుగు... అంటే 20 అడుగులే!

సంతకానికి ముందు... ఆరు ప్రశ్నలు

* బొమ్మలో ఉత్తరం ఎటుంది? సాఫ్ట్‌వేర్‌లో ఊరి పేరు ఇచ్చారా, సూర్యుణ్ని చేత్తో పెట్టారా?

* ఇది ఏ నెల, ఎన్ని గంటల ఎండ? అదే గదిని డిసెంబరులో ఒకటి, మేలో ఒకటి చూపించగలరా?

* దీపాలన్నీ ఆర్పేసి, కిటికీ వెలుగు ఒక్కదానితో గది ఎలా ఉంటుంది? కనిపించని దీపాలేమైనా పెట్టారా?

* పక్కింటి గోడ, సన్‌షేడ్, కిటికీ గ్రిల్లు బొమ్మలో ఉన్నాయా?

* గోడలకి వేసిన రంగు మనం కొనబోయే రంగేనా?

* కెమెరా గదిలో మనిషి నిలబడే చోటే ఉందా, గోడ తీసేసి బయట పెట్టారా?

వీటికి జవాబు చెప్పడానికి డిజైన్ చేసేవాళ్లకి అయిదు నిమిషాలు చాలు. పైగా ఇలా అడిగే పార్టీ అంటే వాళ్లకీ గౌరవమే.

రెండో బొమ్మ

మళ్లీ భానుగుడి ఆఫీసుకి వద్దాం. కుర్రాడు ఈసారి కాకినాడ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చాడు. ఉత్తరం బాణం సరిచేశాడు. తూర్పున పక్కింటి గోడ నిలబెట్టాడు. దాచిన దీపాలన్నీ ఆర్పేశాడు. గది ఒక్కసారిగా మసకబారింది. ఇల్లాలి ముఖం కూడా!

''కంగారు పడకండి అమ్మా, ఇప్పుడు బాగుచేద్దాం'' అన్నాడు. అయిదడుగుల కిటికీని ఏడడుగులు చేశాడు. ఏడుకి నాలుగు... సరిగ్గా 28. కాఫీ రంగు గోడకి మీగడ రంగు వేశాడు. మెట్లగది పైకప్పులో రెండడుగుల అద్దం బిగించాడు. మండువా తెలివే అది, కాకపోతే చిన్నగా!

బంగారు ఎండ లేదు. సోఫా మీద మెరుపులూ లేవు. ఉత్తరం ఆకాశం నుంచి వచ్చే చల్లని, నిలకడైన వెలుగు గది చివరిదాకా పరుచుకుంది. రోజంతా పెద్దగా మారని వెలుగు. గదిని వేడెక్కించని వెలుగు. కాకినాడ మే నెలలో ఇంతకంటే ఏం కావాలి? మేస్త్రికి ఫోన్ వెళ్లింది. గోడలు ఇంకా లేవలేదు కాబట్టి, కిటికీకి రెండడుగులు కలపడానికి అదనంగా అయ్యేది కాస్త గ్రిల్లు, కాస్త అద్దం ఖర్చే.

మామ్మగారు మళ్లీ కళ్లజోడు సవరించుకున్నారు. 

''ఈ ఎండ ఏ నెలది నాయనా?''

''జనవరి పద్నాలుగు, పొద్దున్న పదండి. సంక్రాంతి వెలుగు.''

''ఊఁ... ఇప్పుడు నిజంలా ఉంది. ఆ కిటికీ పక్కన ఓ పడక్కుర్చీ కూడా వేసెయ్యి బాబూ. పేపరు చదువుకోవాలి.''